బెదురు గుర్రం

గాదిలింగప్ప మళ్లీ ముళ్లకంపలో పడ్డాడు.

ఈసారి గుర్రం ఎక్కనైనా లేదు. కళ్ళెం పట్టుకుని మెడ దాకా వెళ్లాడు, అంతే. గాలికి అతని తలగుడ్డ కొస కదిలింది. గుర్రం ఒక్క ఉదుటున పక్కకు తిరిగింది. దాని భుజం తగిలి అతను దొడ్డి కంచె మీద పడ్డాడు. లేచి చూసేసరికి అది అవతలి మూలన బండకు ఒత్తుకుని నిలబడి ఉంది. కళ్లు తెల్లగా తేలిపోయాయి. డొక్కలు ఎగసిపడుతున్నాయి.

లింగప్ప మోచేతిలో దిగిన ముళ్లు పీక్కున్నాడు. ముళ్ల కంటే అవమానం ఎక్కువ గుచ్చుకుంది. ఈ గుట్టల మధ్య ఫకీరు ఉండే తకియాకు రాకముందు అతను పాలెగాడి దగ్గర రౌతు. ఎవరికీ లొంగని గుర్రాలను అతని చేతికి ఇచ్చేవాళ్లు. నెల తిరిగేసరికి వాటి మీద పిల్లలు కూడా ఎక్కేవాళ్లు. ఆ కొలువు వదిలి జమాల్ షా అనే ఫకీరుకు శిష్యుడై వచ్చినా, గుర్రం దగ్గర తనను మించినవాడు లేడన్న ధీమా మాత్రం అతన్ని వదలలేదు.

జమాల్ షాను చుట్టుపక్కల హిందువులూ ముసల్మానులూ అందరూ తాత అనే పిలిచేవాళ్లు. మోకాళ్లు అరిగిపోయి తాత నడవలేని స్థితికి వచ్చాడు. అది చూసి ఒక నూలు వర్తకుడు సంతలో ఈ చింతగింజ రంగు ఆడగుర్రాన్ని కొని పంపించాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న గుర్రం. కానీ ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఎన్ని దెబ్బలు తిన్నదో, కాళ్ల మీద తాళ్లు ఒరుసుకున్న మచ్చలున్నాయి. పళ్లెం చప్పుడైతే ఉలిక్కిపడేది. ఎండుటాకు ఎగిరితే కంచె దూకబోయేది. మనిషి చెయ్యి ఎత్తితే చాలు, దెబ్బ పడకముందే దెబ్బ తిన్నట్టు ముడుచుకునేది.

లింగప్పకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. కాళ్లకు బంధం వేశాడు. కళ్లకు గంతలు కట్టాడు. అలిసిపోతే లొంగుతుందని దొడ్డిలో గుండ్రంగా పరిగెత్తించాడు. గుర్రం అలిసిపోయింది, నురగలు కక్కింది, అయినా లొంగలేదు. మేత పెట్టడానికి వచ్చిన సాటి శిష్యులు ఇంకొంచెం నెమ్మదిగా చూడమన్నారు. లింగప్ప ఒప్పుకోలేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని వాళ్లకే బుద్ధి చెప్పాడు.

తొందరపడటానికి అతనికో కారణం ఉంది.

గుట్టల అవతల, ఒకే వంక మీద రెండు ఊళ్లున్నాయి. పైన బండమీదిపల్లె, కింద వంకదరి. ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. పైఊరివాళ్లు వంకకు అడ్డంగా కట్ట వేసి నీళ్లు ఆపేశారు. కిందిఊరివాళ్లు కట్ట తెంచబోతే కొట్లాట జరిగింది. వంకదరిలో ఒకతని తల పగిలింది. అతని అక్క సుంకులమ్మ కనుమ దాటి తకియాకు వచ్చి ఈ సంగతంతా తాతకు చెప్పింది. రెండూళ్లవాళ్లూ కత్తులు నూరుకుంటున్నారని, తాత మాట మాత్రం వింటామన్నారని, అమావాస్య మధ్యాహ్నం దాకా ఆగుతామని తమ అమ్మవారి మీద ప్రమాణం చేశారని చెప్పింది. ఆ తర్వాత ఆగరు.

ఆ కనుమలో బండి పోదు. డోలీ కట్టి మోసుకుపోతామని శిష్యులు ముందుకొచ్చారు. తాత ఎప్పుడూ మనుషుల భుజాల మీద ఎక్కినవాడు కాదు. అప్పుడూ ఒప్పుకోలేదు.

"గుర్రం ఉంది కదా, దాని మీద వస్తా" అన్నాడు.

ఆ మాట విని సుంకులమ్మ నిమ్మళంగా ఊరికి వెళ్లిపోయింది. లింగప్పకు మాత్రం నిద్ర కరువైంది. చంద్రుడు రోజుకింత తరిగిపోతుంటే అతని ఒళ్లు సలసల కాగిపోయేది. అన్నం ముందు కూర్చుంటే లేచిపోయేవాడు. సాయంత్రం అందరూ కళ్లు మూసుకుని నామం తలుచుకుంటుంటే, అతను కళ్లు తెరిచి దొడ్డి వైపు చూసేవాడు.

ముళ్లకంపలో పడిన ఆ పొద్దున కూడా కొరడా అందుకుని మళ్లీ దొడ్డిలోకి పోబోతుంటే తాత పిలిచాడు.

తాత గుడిసె ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నీళ్ల చెంబు, మంగలి కత్తి ఉన్నాయి. ఎప్పుడూ వచ్చే మంగలి పెళ్లికి పోయాడట. తనకు క్షవరం చెయ్యమని లింగప్పతో అన్నాడు.

"నాకు చేతకాదు తాతా. గుర్రాలకు జూలు కత్తిరించినా గానీ మనిషికి ఎప్పుడూ చెయ్యలే."

"ఈ పొద్దు చెయ్యి."

"చెయ్యి నిలకడగా లేదు. కాసేపు ఆగి చేస్తా."

"ఆగేదెందుకు?" అన్నాడు తాత. తలను నీళ్లతో తడుపుకుని కళ్లు మూసుకున్నాడు.

లింగప్ప కొరడా పక్కన పెట్టి కత్తి తీసుకున్నాడు. అతని వేళ్లు నిజంగానే వణుకుతున్నాయి. ఊపిరి ఇంకా కుదురుకోలేదు. కత్తి ఆనించబోయి వెనక్కి తీశాడు. మళ్లీ ఆనించాడు. నడినెత్తి నుంచి చెవి దాకా ఒక వరస గీశాడు. నెత్తురు రాలేదు. ఇంకో వరస గీశాడు. తాత కదల్లేదు, జాగ్రత్త అనలేదు, కళ్లు తెరిచి చూడలేదు. తల పని అయ్యాక మెడ వెనక్కి వాల్చాడు.

"గడ్డం కింద కూడా" అన్నాడు.

గొంతు కింద చర్మం ముడతలు పడి పల్చగా ఉంది. దాని కింద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. లింగప్ప ఎడమచేతి వేళ్లతో చర్మాన్ని సాగదీసి కత్తి ఆనించాడు. అప్పుడే సన్నటి గురక వినిపించింది. తాత నిద్రపోయాడు.

లింగప్ప అట్లాగే ఉండిపోయాడు. కత్తి అంచు కింద నరం నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది. ఎవరినైనా పిలుద్దామా అనుకున్నాడు. నోరు విప్పితే తాత ఉలిక్కిపడతాడేమో. కత్తి తీసేద్దామా అనుకున్నాడు. తియ్యలేదు. చాలాసేపటికి, తాత ఊపిరి వదిలినప్పుడల్లా ఒక్కొక్క గీత చొప్పున గీయడం మొదలుపెట్టాడు. తన చెయ్యి ఎప్పుడు వణకడం మానేసిందో అతనికి తెలియలేదు.

పని అయ్యాక తాత కళ్లు తెరిచాడు. తల తడుముకుని, బాగుందన్నాడు. స్నానానికి వెళ్లిపోయాడు. గుర్రం మాట ఎత్తలేదు.

లింగప్ప కత్తి కడిగి పెట్టాడు. కొరడా అక్కడే వదిలేశాడు. దొడ్డి దగ్గరికి వెళ్లి నడుముకు చుట్టుకున్న తాడు విప్పి కంచెకు తగిలించాడు. చేతుల్లో ఏమీ లేకుండా లోపలికి వెళ్లి, దొడ్డి మధ్యలో వేపచెట్టు నీడన నేల మీద పడుకున్నాడు.

చూసినవాళ్లకు గుండె జారింది. గుర్రం బెదిరి పరిగెత్తితే ఆ డెక్కల కింద మనిషి మిగలడు. సాటి శిష్యుడొకడు కంచె అవతల నుంచి లేచి రమ్మని పిలిచాడు. లింగప్ప లేవలేదు.

గుర్రం మూలన నిలబడి బుసలు కొట్టింది. డెక్కతో నేల తవ్వింది. దగ్గరికి రాలేదు. లింగప్ప కళ్లు మూసుకున్నాడే గానీ ఒళ్లంతా చెవులై ఉంది. మధ్యాహ్నం అంతా అట్లాగే గడిచింది. మరునాడూ అంతే. అతను పడుకునేవాడు, గుర్రం మూలన నిలబడేది. అమావాస్య దగ్గర పడుతోంది.

సుంకులమ్మ మళ్లీ వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు పిల్లల్ని చుట్టాల ఇళ్లకు పంపించేస్తున్నారని చెప్పడానికి వచ్చింది. దొడ్డిలో మట్టి మీద వెల్లకిలా పడుకున్న లింగప్పను చూసి ఆమెకు ఒళ్లు మండింది. "అన్నా, మా ఇండ్లలో పొయ్యి రాజెయ్యట్లేదు. నువ్వు నీడ చూసుకుని నిద్రపోతాండావా?" అంది.

లింగప్పకు సిగ్గేసింది. నిద్రపోవడం లేదని చెబుదామనుకుని ఆగిపోయాడు. ఆ మాటే అతనికి తగిలింది. నిజమే, తను నిద్రపోవడం లేదు. నిద్ర నటిస్తున్నాడు. మనిషికి తెలియకపోయినా గుర్రానికి తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం అతను ఏమీ అనుకోలేదు. తొక్కితే తొక్కనీ అనుకోవడం కూడా మానేశాడు. అన్ని రోజుల నిద్రలేమి ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. నోరు తెరుచుకుని, చేతులు పారేసుకుని ఒళ్లు మరిచి నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి ముఖం మీద వెచ్చటి గాలి తగులుతోంది. ఉలవల వాసన వస్తోంది. గుర్రం అతని మీదికి మెడ వంచి నిలబడి ఉంది. అతను కదల్లేదు. అది అతని తలగుడ్డ వాసన చూసింది. మోచేతి మీద ఎండిన గాయాన్ని మూతితో తాకింది. అంతలో ఎక్కడో చెంబు పడిన చప్పుడైంది. గుర్రం ఎగిరిపడి మూలకు పారిపోయింది. కాసేపటికి తనంతట తానే మళ్లీ వచ్చింది.

అక్కడి నుంచి పని సాగింది. అతని చెయ్యి మెడ మీద పడనిచ్చింది. తర్వాత వీపు మీద. కళ్ళెం ఆఖరున. జీను వేస్తే ఒప్పుకోలేదు. లింగప్ప బలవంతం చేయలేదు, మడిచిన కంబళి పరిచాడు. బెదురు మాత్రం తగ్గలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడేది. కాకపోతే ఉలిక్కిపడ్డాక ఇప్పుడు మూలకు పోకుండా లింగప్ప వైపు చూసేది.

అమావాస్య నాడు తెల్లారగానే తాతను కంబళి మీద కూర్చోబెట్టారు. లింగప్ప పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. దోవ చూపించడానికి ముందు రోజే తకియాకు వచ్చిన సుంకులమ్మ అందరికంటే ముందు నడిచింది. మధ్యాహ్నం లోపు వంక చేరాలి.

కనుమ నడిమిన గద్దబండ అనే చోటు ఉంది. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఒక పక్క లోయ. నడుమ ఒక్క గుర్రం పట్టే బండ దారి. ముందు రాత్రి జల్లు పడి బండ తడిగా ఉంది. సుంకులమ్మ చకచకా దాటిపోయి అవతలి నుంచి చెయ్యి ఊపింది.

గుర్రం ఆగిపోయింది.

లింగప్ప పగ్గం లాగాడు. గుర్రం తల పైకెత్తింది. ఇంకొంచెం గట్టిగా లాగాడు. నాలుగు కాళ్లూ నేలలో పాతుకుని వెనక్కి వంగింది. మీద తాత ఉన్నాడు. పక్కన లోయ. సుంకులమ్మ అవతలి నుంచి అరుస్తోంది, నిన్న కూడా ఈ దోవనే వచ్చానని, బండకేమీ కాలేదని. పొద్దు పైకెక్కుతోంది. చుట్టు తిరిగి పోవాలంటే లోయలోకి దిగి గుట్టను చుట్టాలి, సగం రోజు పడుతుంది. లింగప్ప కుడిచెయ్యి తెలియకుండానే నడుము దగ్గర కొరడా కోసం వెతికింది.

"తాతా, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు తాత.

లింగప్ప గుర్రం కళ్లలోకి చూశాడు. అది బండను చూడటం లేదు. అతన్ని చూస్తోంది.

అతను పగ్గం వదులు చేశాడు. గుర్రం ఒక్కో అడుగే వెనక్కి వేసి, తిరిగి, లోయలోకి దిగే దారి పట్టింది. లింగప్ప దాని వెంట నడిచాడు. సుంకులమ్మ అవతల నెత్తి కొట్టుకుని, ఒంటరిగా ఊరి వైపు పరిగెత్తింది.

వాళ్లు వంక చేరేసరికి పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం దాటగానే తమ గడువు తీరిపోయినట్టే అనుకుని రెండూళ్లవాళ్లూ కట్టకు అటూ ఇటూ చేరారు. తాత వస్తున్నాడని సుంకులమ్మ ప్రాణం పెట్టి చెప్పబట్టి కత్తులు లేవలేదు. రాళ్లు మాత్రం లేచాయి. పైఊరి పెద్ద హంపన్న కొడుకు మణికట్టు విరిగింది. వాడి ఏడుపు వంకంతా వినిపిస్తోంది.

సుంకులమ్మ లింగప్పకు ఎదురొచ్చింది. అరవలేదు. "గుర్రం మాట విన్నావు. నా మాట వినలేదు" అంది.



తాత గుర్రాన్ని రెండు గుంపుల నడిమికి నడిపించమన్నాడు. ఇటు కర్రలు, అటు కర్రలు. అరుపులు. గుర్రం ఒళ్లంతా చెమట పట్టింది, తోలు అలలు అలలుగా అదిరింది. లింగప్ప ఒక చెయ్యి దాని మెడ మీద వేసి నడిచాడు. అది అతని భుజానికి భుజం ఆనించి నడిచింది. ఆ వణికే గుర్రాన్నీ, దాని మీది ముసలాయననూ చూసి అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి.

తాత కట్ట మీద దిగి కూర్చున్నాడు. పంచాయితీ మరునాటి దాకా సాగింది. ఎవరి తప్పెంతో ఆయన అడగలేదు. పగటి నీళ్లు ఒక ఊరికి, రాత్రి నీళ్లు ఇంకో ఊరికి అన్నాడు. అందుకు ఒప్పుకున్నారు. అయితే పైఊరి వంతు నీళ్లకు కిందిఊరివాళ్లు కావలి ఉండాలని, కిందిఊరి వంతుకు పైఊరివాళ్లు ఉండాలని ఆయన అనేసరికి రెండు పక్కలా గోల లేచింది. దొంగ చేతికి తాళం ఇస్తారా అన్నాడు హంపన్న. తాత కట్ట మీది నుంచి లేవలేదు. చివరికి తలకు కట్టుతో ఉన్న సుంకులమ్మ తమ్ముడు ముందుకొచ్చి, పైఊరి నీళ్లకు మొదటి కావలి తను ఉంటానన్నాడు. అతని తల కట్టు వైపు చూసి హంపన్న తలూపాడు.

అనుమానాలు ఆ రోజుతో పోలేదు. ఆ ఏడంతా ఒకరి మీద ఒకరు గొణుక్కుంటూనే ఉన్నారు. గొణుక్కుంటూనే కావలి కాశారు. రెండూళ్లలోనూ కొర్ర పంట చేతికొచ్చింది.

తాతతో తిరిగి వచ్చేటప్పుడు లింగప్ప గద్దబండ దారే పట్టాడు. బండ ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అప్పుడే ఒక గొర్రెలకాపరి మందను దాటించుకుని పోయాడు, తాజా పెంటికలు పడి ఉన్నాయి. లింగప్ప గుర్రాన్ని ఆపి, తానొక్కడే ముందుకెళ్లి బండ మీద కాలితో గట్టిగా తొక్కి చూశాడు. ఎక్కడా కదల్లేదు. వెనక్కి వచ్చేసరికి అతని ముఖం నల్లబడింది.

"తాతా, దీనికేమీ కాలే. గుర్రం ఊరకే బెదిరింది. నేను దాని మాట ఇని ఊరకే చుట్టు తిప్పినా. ఆ పిల్లోని చెయ్యి ఊరకే ఇరిగింది."

"అవును" అన్నాడు తాత.

తాత గుర్రం మీద కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

గుర్రం బండ అంచునే ఆగి ఉంది. చెవులు నిక్కించి బండ వాసన చూస్తోంది. లింగప్ప పగ్గాన్ని పొడుగ్గా వదిలి భుజం మీద వేసుకున్నాడు. లాగలేదు, అదిలించలేదు. దానికి వీపు చూపించి బండ మీదికి నడిచాడు. ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. పగ్గం కాసేపు నేల మీద జీరాడింది. కాసేపు బిగిసింది. అతను ఆగాడు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. కింద లోయలో ఏదో పిట్ట కూస్తోంది.

పగ్గం వదులైంది. బండ మీద డెక్క చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

సగం దూరం వచ్చాక వెనక నుంచి తాత గొంతు వినిపించింది.

"బెదురు పోయినట్టుందా?"

"లేదు తాతా. పగ్గంలో తెలుస్తాంది. వణుకుతానే వస్తాంది."

"నీకో?"

లింగప్ప ఎడమ చెయ్యి కొండకు ఆనించుకుని, పగ్గం వదులుగానే ఉంచి, ఇంకో అడుగు వేశాడు.